పదకొండు వందల యాభై గ్రాములు

మా నాయనది చిక్కడపల్లిలో పాత్రల దుకాణం. స్టీలు, ఇత్తడి, రాగి. నేను అక్షరాలు దిద్దకముందే ధర చెప్పడం నేర్చుకున్నాను. బిందె ఎంత అని ఎవరైనా అడిగితే ముందు వాళ్ళ చెప్పులు చూడాలి, తరువాత చేతిలో సంచి చూడాలి, అప్పుడు నోరు తెరవాలి. ఇవ్వాలనుకున్న ధరకు దాదాపు రెట్టింపు చెప్పాలి. వాళ్ళు సగానికి అడుగుతారు. మనం నెత్తిన చెయ్యి పెట్టుకోవాలి. ఈ నాటకంలో ఎవరూ ఎవరినీ మోసం చేయరు, ఎందుకంటే మాటలు ఇద్దరికీ కంఠతా వచ్చు. నాకు పదేళ్ళు వచ్చేసరికి మా వరసలో నన్ను మించిన నటి లేదు. ఆడపిల్ల గల్లా పెట్టె దగ్గర కూర్చోవడమేమిటని అన్నవాళ్ళు కూడా చివరికి నా దగ్గరే కొనుక్కుని పోయేవారు, రెండు రూపాయలు ఎక్కువకు.

ఆ తెలివితోనే నేను నా నెత్తిన రాయి వేసుకున్నాను. ఆ కోపం ఇన్నేళ్ళయినా చల్లారలేదు. సగం నా మీదే. మిగతా సగం ఎవరి మీదో చెబుతాను.

కోఠిలో ఆడపిల్లల కాలేజీలో చదివి, ఆపైన ఫిజిక్సులో ఎమ్మెస్సీ చేసి, ఒక ప్రొఫెసరుగారి దగ్గర పరిశోధనకు చేరాను. ఆయనది కోస్తా. రాష్ట్రం ఏర్పడిన కొత్తలో వచ్చి అశోక్‌నగర్‌లో ఇల్లు కట్టుకున్నారు. ఇస్త్రీ నలగని తెల్ల చొక్కా, అంతకన్నా నలగని ఇంగ్లీషు. పాఠం ఆయన చెప్పినంత శుభ్రంగా నాకు మరెవరూ చెప్పలేదు. ఈ వాక్యం రాయడానికి నాకు ఒళ్ళు మండుతోంది, అయినా రాయక తప్పదు.

మేము కొలవాలనుకున్నది ఎండను. కంటికి కనిపించే ఎండను కాదు, దానిలో దాగి వచ్చే అతినీలలోహిత కిరణాలను. వాటిలో కొన్ని మన దాకా వచ్చి చర్మాన్ని కమిలిస్తాయి. మరీ తీవ్రమైనవి మన దాకా రానే రావు. డెబ్భై, ఎనభై కిలోమీటర్ల ఎత్తునే గాలి వాటిని మింగేస్తుంది. మింగిన గాలి ఊరికే ఉండదు. దాని అణువుల నుంచి ఎలక్ట్రాన్లు ఊడిపోయి, అక్కడ విద్యుత్తు నిండిన పొర ఒకటి ఏర్పడుతుంది. పగలు దూరపు స్టేషన్లు రేడియోలో గొంతు పోయినట్టు మూలగడానికి ఆ పొరే కారణం. సూర్యుడి మీద మచ్చలు పెరిగిన కాలంలో ఇది మరీ ఎక్కువ. ఆ ఏళ్ళు అలాంటివే. మిట్టమధ్యాహ్నం దూరపు వార్తలు వాక్యం మధ్యలో మాయమైతే మా నాయన రేడియో నెత్తిన మొట్టేవాడు.

"దాన్నెందుకు కొడుతవ్ నాయనా, తప్పు సూర్యునిది" అనేదాన్ని.

"గట్లయితే పోయి సూర్యుని కొట్టి రా. గవర్నమెంటు నీకు గందుకే గద స్కాలర్‌షిప్పు ఇస్తున్నది."

ఆ కిరణాలు ఎంత ఎత్తున ఎంత ఉన్నాయో తెలియాలంటే అక్కడికే పోవాలి. దక్షిణాన సముద్రం ఒడ్డున ఒక రాకెట్ కేంద్రం ఉండేది. రకరకాల ప్రయోగశాలల పరికరాలను రాకెట్టు ముక్కులో బిగించి పైకి పంపేవారు. నేను రెండేళ్ళు కష్టపడి చేసింది ఒక లోహపు గొట్టం, టార్చిలైటు బ్యాటరీ అంత. ఒక కొసన లిథియం ఫ్లోరైడు స్ఫటికంతో చేసిన కిటికీ, లోపల నైట్రిక్ ఆక్సైడు వాయువు. మాకు కావలసిన కిరణం కిటికీలోంచి దూరి వాయువును తాకితే సన్నని కరెంటు పుడుతుంది. వెనక ఉన్న చిన్న పెట్టె దాన్ని పెంచుతుంది. రాకెట్టులోని రేడియో నేలకు చేరవేస్తుంది. నేల మీద ఒక పెన్ను చుట్టలు చుట్టలుగా కదిలే కాగితం మీద గీత గీస్తుంది. రాకెట్టు లేచినప్పుడు ఆ గీత సున్నా దగ్గర పాకుతూ ఉంటుంది. గాలి పలచబడిన ఎత్తుకు చేరగానే తల ఎత్తుతుంది. ఎక్కడ ఎత్తుతుందో చూడాలి. నాకు కావలసింది అంతే. రెండు పెళ్ళి సంబంధాలను ఆ గీత కోసమే వెనక్కి పంపాను, వాళ్ళకు మాత్రం జాతకం కలవలేదని చెప్పించాను.

1969లో ఊరు ప్రత్యేక రాష్ట్ర ఉద్యమంతో ఊగిపోయింది. కాలేజీలు మూతపడ్డాయి. ప్రొఫెసరుగారు వాక్యూమ్ పంపునూ గాజు సామానునూ రిక్షాలకెక్కించి నారాయణగూడలో ఒక డాబా మీద గది కిరాయికి తీసుకున్నారు. పని అక్కడే సాగింది. వానాకాలం వస్తే స్ఫటికం చెమ్మకు మసకబారుతుంది. మా దగ్గర ఉన్న ఆరు కిటికీల్లో నాలుగు మసకబారాయి, ఒకటి నా చేతిలోనే చిట్లింది. మిగిలిన ఒక్కదాన్ని మా అమ్మ ఆవకాయ జాడీలో చెమ్మ పీల్చే గుళికల మధ్య దాచాను. ప్రొఫెసరుగారు మూత తీసి, వాసన చూసి, మళ్ళీ మూత పెట్టారు. "సైన్సు ఘాటెక్కింది" అన్నారు. అప్పట్లో ఇద్దరం నవ్వుకునేవాళ్ళం.

గొట్టం, దాని వెనక పెట్టె తయారయ్యాక బరువు చూడాలి. సున్నితపు త్రాసు కాలేజీలో తాళం వెనక ఉంది. అందుకని పాత చీర ముక్కలో చుట్టి దుకాణానికి తెచ్చాను. మా నాయన కాటాను ముందు గుడ్డతో తుడిచాడు. ఏటా తనిఖీవాళ్ళు ముద్ర వేసిన తూకపురాళ్ళు తీశాడు. ఒకసారి తూచి, పళ్ళాలు మార్చి మళ్ళీ తూచాడు. కాటాలో వంకర ఉంటే అలా బయటపడుతుంది. బంగారమైనా బకెట్టయినా ఆయన పద్ధతి అదే.

"దీన్ల వండుకునేది ఏమన్న ఉన్నదా బిడ్డా?"

"ఎండ వండుకుంటం నాయనా."

"ఆరు వందల నలభై. రాసుకో."

రాకెట్ కేంద్రం నుంచి ఫారం వచ్చింది. పరికరం పొడుగు, వెడల్పు, బరువు. బరువు గడి చూడగానే నాలో దుకాణం లేచి కూర్చుంది. ఆ రోజు నారాయణగూడ గదిలో టైపు మిషను ముందు కూర్చుని ప్రొఫెసరుగారితో అన్నాను: "సార్, ఆరు వందల నలభై అని రాస్తే నాలుగు వందలకు తగ్గించమంటారు. పదకొండు వందల యాభై అని రాద్దాం. బతిమాలించుకుని ఎనిమిది వందలకు దిగుదాం. మిగిలిన దానిలో ఇంకో గొట్టం పెట్టుకోవచ్చు."

"పన్నెండు వందలే రాయకూడదూ?" అన్నారాయన నవ్వుతూ.

"నిండు అంకె వేస్తే అబద్ధమని తెలిసిపోతుంది సార్. కొసకు యాభై తగిలిస్తే లెక్కగట్టినట్టుంటుంది."

"ఎంత చదివినా నీకు దుకాణం బుద్ధి పోదమ్మాయ్. సరే, అక్కడ అందరూ కాస్త ఎక్కువే రాస్తార్లే. కొట్టు."

నేను టైపు కొట్టాను. ఆయన సంతకం పెట్టారు. ఈ ముక్క గుర్తు పెట్టుకోండి: నవ్వుతూ పెట్టారు.

జవాబు రెండు వారాల్లో వచ్చింది. నారాయణగూడ గదికి టపా డబ్బా లేదు కనుక మా ఉత్తరాలన్నీ దుకాణానికే వచ్చేవి. మీరు కోరిన పదకొండు వందల యాభై గ్రాములు కేటాయించాం, ముక్కు సమతూకం ఆ లెక్క మీదే చేస్తున్నాం, పరికరం సరిగ్గా ఆ బరువుతోనే తీసుకురావాలి అని ఉంది. బేరం లేదు. తగ్గించమన్న మాటే లేదు. సిగ్గు విడిచి చెబుతున్నాను, నాకు ముందు కలిగింది సంతోషం కాదు. చెప్పిన ధరకు నోరెత్తకుండా కొనుక్కుపోయే గిరాకీని చూసినప్పుడు కలిగే దుఃఖం. అయ్యో, పదిహేను వందలు చెప్పాల్సింది!

మా నాయనకు ఇంగ్లీషు రాదు కానీ అంకెలు ఏ భాషలో ఉన్నా వచ్చు. ఉత్తరం నా చేతిలోంచి తీసుకున్నాడు.

"గీ పదకొండు వందల యాభై ఏంది?"

"గది మా డబ్బ బరువు నాయనా."

"మొన్న నేను తూచిన డబ్బనేనా?"

"ఆఁ."

"నేను తూచింది ఆరు వందల నలభై. పళ్ళాలు మార్చి తూచిన."

"బేరానికి జర ఎక్కువ చెప్పినం. మనం బిందెకు చెప్పమా?"

ఉత్తరాన్ని గల్లా మీద పెట్టాడు. దుకాణంలో ఒకావిడ స్టీలు పళ్ళెం తిప్పి చూసుకుంటోంది. ఆవిడ ఉందన్న సంగతి ఆయనకు పట్టలేదు.

"ధరకు చెప్తం. ధర నోటిమాట. వాడు సగమంటడు, నేను కాదంట, ఇద్దరం నవ్వుకుంటం. తూకం గూడ నోటిమాటనేనా? కిలో బిందెను రెండు కిలోలని ఎన్నడన్న అమ్మిన్నా? చెప్పు! గీ గల్ల కాడనే పెరిగినవ్. ధరేందో తూకమేందో గింత ఎరుక లేదా నీకు?"

"అన్నా, చదువుకున్న పిల్లను గట్ల తిట్టకు" అంది ఆవిడ.

"చదువుకునే గిట్ల తయారైంది అక్కా."

ఆవిడ పళ్ళెం ముందుకు తోసింది. "నా పళ్ళెం తూకం గూడ ఇంకోసారి చూడన్నా."

నాకు పట్టరాని కోపం వచ్చింది. పది మంది తిరిగే దుకాణంలో, ఇరవై నాలుగేళ్ళదాన్ని, దొంగ తూకం పిల్లనన్నట్టు మాట్లాడాడు. రాకెట్టంటే తెలియదు, ఫారం అంటే తెలియదు, నీకెందుకు నాయనా అన్నాను. ఇంకా చాలా అన్నాను. నా వాదనలో ఒక్కటే లోపం: ఆయన చెప్పింది నిజం. అన్నం తినకుండా నారాయణగూడకు పోయి, ఆ రోజంతా పంపు చప్పుడు వింటూ కూర్చున్నాను.

మూడో రోజు ఇంకో ఉత్తరం వచ్చింది. ఎక్కడో ఉత్తరాదిన చదువుకునే కుర్రవాడు అన్ని ప్రయోగశాలలకూ ఒకే ఉత్తరం టైపు కొట్టి పంపాడు. మాకు వచ్చింది అయిదో కార్బన్ కాపీయో ఆరోదో, అక్షరాలు దుమ్ము చల్లినట్టున్నాయి. అతనిదీ అతినీలలోహితమే. మా కిరణాలకన్నా మెత్తనివాటిని కింది ఎత్తుల్లో ఓజోను ఎలా మింగుతుందో కొలిచే పరికరం. రాకెట్టులో బరువు చాలక దాన్ని జాబితా నుంచి తీసేశారట. దాని బరువు నాలుగు వందల ఎనభై గ్రాములట. ఎవరైనా తమ వాటాలోంచి అంత వదులుకోగలరా అని అడిగాడు. తన స్కాలర్‌షిప్పు మార్చితో అయిపోతుందనీ, మళ్ళీ అవకాశం రాదనీ చివర్లో ఒక వాక్యం ఉంది. ఆ వాక్యం మాత్రం చేత్తో రాసింది.

నాలుగు వందల ఎనభై. మా దగ్గర ఐదు వందల పది గ్రాముల అబద్ధం ఖాళీగా పడి ఉంది.

ఆ మధ్యాహ్నమే అశోక్‌నగర్‌కు నడిచి వెళ్ళాను. ప్రొఫెసరుగారు వరండాలో కాఫీ తాగుతున్నారు. ఉత్తరం చదివి మడిచి పక్కన పెట్టారు.

"సార్, ఒక్క ఉత్తరం వేస్తే చాలు. బరువు తప్పు పడింది, అసలు బరువు ఇంత, మిగిలింది ఈ అబ్బాయికి ఇవ్వండి అని."

"మొన్న పెట్టిన సంతకం తప్పని ఇవాళ ఇంకో సంతకం పెట్టమంటావా?"

"తప్పే కదా సార్."

"ఆ అబ్బాయికి గురువు లేడా? ఆయన ముందుచూపుతో నాలుగు గ్రాములు ఎక్కువ రాయించుకోకపోతే అది నా పాపమా?"

"అక్కడ తూస్తారు సార్. మనది ఆ బరువు లేదు."

"దానికేం భాగ్యం! ఐదు వందల పది గ్రాముల సీసం పలక అడుగున బిగించు. సీసం మీ బజార్లోనే దొరుకుతుందిగా."

హాస్యమనుకున్నాను. ఆయన కాఫీలో చెంచా తిప్పుతూనే ఉన్నారు. ఆ కుర్రవాడి పనినంతా నేల మీద వదిలేసి, దాని చోటులో సీసం పలకను సూర్యుడికి చూపించి తీసుకొస్తాం. అది మా ప్రయోగం.

"సీసం ఏం కొలుస్తది సార్?" కోపంలో నాకు ఇంటి భాష వచ్చేసింది.

"నీ నోటి దురుసు కొలుస్తుంది." కప్పు కింద పెట్టారు. "అసలు ఇదంతా ఎవరి నిర్వాకం? నేను వద్దంటున్నా వినకుండా రాయించింది నువ్వు కాదూ?"

‘నేను వద్దంటున్నా.’ ఆ మాట ఎంత నిబ్బరంగా అన్నారంటే, ఒక్క క్షణం నాకే అనుమానం వచ్చింది, నిజంగా వద్దన్నారేమోనని. అనలేదు. పన్నెండు వందలే రాయమన్నారు. నేను అబద్ధానికి ధర చెప్పానే గాని, ఆయనలా అబద్ధాన్ని ఉతికి ఇస్త్రీ చేయడం నాకు చేతకాదు.

"బయట మీవాళ్ళు మమ్మల్ని పొమ్మంటున్నారు" అన్నారు మళ్ళీ, "ఇంట్లోకొచ్చి నువ్వు నన్ను దొంగనంటున్నావు."

"బయటి మాట బయటిది సార్. నేను మాట్లాడేది గ్రాముల గురించి."

"సీసం బిగిస్తావా, లేక పరికరాన్నే వెనక్కి తీసుకోమంటావా? ఆలోచించుకుని రేపు చెప్పు."

రేపటిదాకా ఆగితే నేను బిగించేదాన్నే. నన్ను నేను ఎరుగుదును. బేరంలో రాత్రి గడిస్తే నేను ఎప్పుడూ దిగివస్తాను. అందుకే తిన్నగా చిక్కడపల్లి తపాలా ఆఫీసుకు పోయాను. రాకెట్ కేంద్రానికి టెలిగ్రాం రాశాను: అసలు బరువు ఆరు వందల నలభై, ముందు రాసింది తప్పు, మిగిలినది ఓజోను పరికరానికి ఇవ్వండి. కింద నా పేరు. క్షమించమన్న మాట మొదట రాసి, మాటకింత రుసుమని గుర్తొచ్చి కొట్టేశాను. ఆ స్థితిలోనూ నా చెయ్యి బేరమాడింది.

గుమాస్తా నా మొహం చూసి గొంతు తగ్గించాడు. "ఎవరన్న పోయిన్రా అమ్మా?"

"ఇంకా పోలే" అన్నాను.

కేంద్రం వాళ్ళు ఒక్క ప్రశ్న వేయలేదు. సవరణ అందింది, ఓజోను పరికరాన్ని మళ్ళీ జాబితాలో చేర్చాం అని ప్రొఫెసరుగారికి రాశారు. ఆ ఉత్తరమూ దుకాణానికే వచ్చింది. నేనే తీసుకుపోయి ఆయన చేతికిచ్చాను. చదివారు. మర్నాడు నారాయణగూడ గదికి కొత్త తాళం ఉంది. నా నోటు పుస్తకాలు మెట్ల మీద పేర్చి ఉన్నాయి. వాటి మీద బరువుకు ఆవకాయ జాడీ పెట్టారు, ఖాళీది.

గొట్టాన్ని ఆయనే స్వయంగా సముద్రం ఒడ్డుకు తీసుకుపోయారు. నా గొట్టాన్ని. దాని కిటికీని నేను ఊపిరి బిగబట్టి అతికించాను. రాకెట్టు ఎగిరిన సంగతి వారం తరువాత నాకొచ్చిన కార్డు వల్ల తెలిసింది. ఓజోను కుర్రవాడు రాశాడు. రెండు పరికరాలూ పనిచేశాయి, మీ గీత ఎంత అందంగా లేచిందో, కాగితం చుట్టూ అందరం గుమిగూడాం, మీరెందుకు రాలేదు? ఎంత ఎత్తున లేచిందో మాత్రం రాయలేదు. కార్డు మీద చోటు చాలా మిగిలి ఉంది. ఒక్క అంకె రాస్తే అతని సొమ్మేం పోయేది! అతని మీద కూడా కోపం వచ్చింది. ఆ రోజుల్లో నా కోపానికి ఎవరైనా సరిపోయేవారు.

ప్రొఫెసరుగారు తిరిగివచ్చారని విని అశోక్‌నగర్ వెళ్ళాను. అభిమానం చంపుకుని వెళ్ళాను అని రాయాలి కానీ, అది చచ్చేరకం కాదు, వెంటే వచ్చింది. బల్ల మీద కాగితపు చుట్ట ఉంది, లావుగా, రబ్బరు బ్యాండు వేసి. అదేనని అడగకుండానే తెలిసింది.

"కూర్చో" అన్నారు. గొంతు మెత్తగానే ఉంది. "జరిగింది జరిగింది. ఫైలు కోసం ఒక ఉత్తరం రాసివ్వు. తరువాత ఇది విప్పుకుని చూసుకో. గది తాళంచెవి తీసుకో. పరిశోధన పేపరులో నీ పేరూ ఉంటుంది."

"ఏమని రాయమంటారు సార్?"

"బరువు ఎక్కువ వేసింది నువ్వని."

"రాస్తాను." అక్కడే రాశాను. ఎక్కువ వేద్దామన్నది నేను, టైపు కొట్టింది నేను. అక్షరం కూడా తగ్గించలేదు.

ఆయన చదివి కాగితం నా వైపు తిప్పారు. "ఇంకొక్క వాక్యం. ఈ సంగతి ప్రొఫెసరుగారికి తెలియదు అని."

"తెలుసు కదా సార్."

"ఫైలుకమ్మా. ఎవరు చదువుతారు?"

అప్పుడు బేరమాడాను. నాకు వచ్చిన విద్య అదొక్కటే. "సంతకం చేసేముందు ప్రొఫెసరుగారు తూచి చూడలేదు అని రాస్తాను."

"కుదరదు."

"నా మాట నమ్మి సంతకం చేశారు అని."

"తెలియదు అనే రాయాలి."

"సంతకం నాటికి అసలు బరువు ఆయనకు గుర్తులేదు అని రాయనా?" ఇంత దాకా దిగాను. ఇప్పటికీ ఈ చివరి బేరం తలుచుకుంటే నా మీద నాకు అసహ్యం వేస్తుంది. ఆయన ఒప్పుకుని ఉంటే రాసేదాన్ని. కానీ ఆయనది ఒకే ధర.

"తెలియదు. అంతే. మూడు నిమిషాల పని."

చుట్ట నా మోచేతికి జానెడు దూరంలో ఉంది. బయటి అంచున కాగితం కొంచెం విచ్చుకుని, సున్నా దగ్గర పాకుతున్న గీత రెండంగుళాలు కనిపిస్తోంది. రాకెట్టు అప్పుడే నేల విడిచిన భాగం. నీలం సిరా.

"రాయను సార్."

"అయితే చూడవు."

చుట్ట తీసి అల్మారాలో పెట్టి తాళం వేశారు. తాళం తిప్పుతున్నప్పుడు నా వైపు చూడలేదు, అదొక్కటే ఆయన పక్షాన చెప్పగలిగింది. నేను రాసిన ఉత్తరాన్ని మాత్రం తిరిగి ఇవ్వలేదు. అది ఫైలులో పెట్టుకున్నారు.

ఇంటికి పోతే మా నాయన ఏమైందని అడిగాడు. చెప్పాను. మంచి పని చేసినవ్ బిడ్డా అంటాడేమోనని ఎదురుచూశాను. "గా కాగితం గుంజుకొని ఉరకాల్సింది" అన్నాడు.

తరువాత ఇతరుల గీతలు పుస్తకాల్లో చాలా చూశాను. ఏ ఎత్తున లేస్తాయో నాకు తెలుసు, ఎందుకు లేస్తాయో పిల్లలకు పాఠం చెప్పి పెన్షను తెచ్చుకున్నాను. నా గొట్టం గీసిన దానిలో నేను చూసింది ఆ రెండంగుళాల సున్నా. సీసం పలక బిగించి ఉంటే మిగతాది కూడా చూసేదాన్ని. ఆ సంగతి గుర్తొస్తే ఆయన మీద కోపం వస్తుంది, పన్నెండు వందలా పదకొండు వందల యాభైయా అని ముచ్చటగా లెక్కలేసిన నా మీద వస్తుంది, ఒక్కోసారి పళ్ళాలు మార్చి తూచిన నాయన మీద కూడా వస్తుంది. టెలిగ్రాం ఇచ్చిన దాని మీద మాత్రం ఎంత వెతుక్కున్నా రాదు.